అరికాలి మచ్చపై అభ్యంతరం

మిస్ ఉడుకూరు కిరీటం నెత్తిన పెట్టిన ఐదు నిమిషాలకే చర్మ క్యాన్సరు బాధ్యత కూడా సంహిత నెత్తినే పడింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. జిల్లా ఉత్సవాల నియమావళిలో ఇరవై మూడో నిబంధన అలా ఉంది. గెలిచిన సుందరి ఆ ఏడాది వంద గంటలు ఏదో ఒక సామాజిక సేవ చెయ్యాలి. ఏ సేవ అన్నది ఆవిడ ఇష్టం కాదు, చీటీ ఇష్టం. స్టీలు బిందెలో ఆరు చీటీలు వేశారు. మొక్కలు నాటడం, బాలికల చదువు లాంటి చూడచక్కని చీటీలన్నీ బిందె అడుగున హాయిగా పడుకుని ఉండగా సంహిత చేతికి చర్మ క్యాన్సరు తగిలింది. మైకులో ఆ మాట చదవగానే ముందు వరసలో కూర్చున్న వాళ్ళమ్మ గుండె పట్టుకుంది. వచ్చింది జబ్బు కాదు, దాని మీద అవగాహన అని పక్కావిడ రెండుసార్లు చెప్పాక గాని మంచినీళ్ళు ముట్టలేదు.

సంహిత ఆర్టీసీ కండక్టరు కూతురు. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. అందాల పోటీకి వెళ్ళడమంటే స్నేహితురాళ్ళు పందెం కాస్తే వెళ్ళింది గానీ, ఒప్పుకున్న పనిని సగంలో వదిలేసే రకం కాదు. జబ్బు గురించి నలుగురికీ చెప్పాలంటే ముందు తనకు తెలియాలి కదా అనుకుని, మర్నాడే పెద్దాసుపత్రిలో చర్మ వైద్యం చేసే డాక్టర్ షాహీన్ దగ్గరికి బయల్దేరింది. అయితే ఇరవై మూడో నిబంధనకు ఒక ఉపనిబంధన ఉంది. సేవ చేసే గంటల్లో కిరీటం, భుజం మీద పట్టీ ధరించి ఉండాలి. ధరించని గంటలు లెక్కలోకి రావు. అంచేత ఓపీ చీటీల వరసలో గజ్జి వాళ్ళకీ తామర వాళ్ళకీ మధ్య కిరీటం పెట్టుకుని గంటన్నర నిలబడింది. వెనకాల ముసలమ్మ పెళ్ళెవరితోనమ్మా అని అడిగింది. లేదు అవ్వా, సేవ అని చెబితే, పోన్లే అదీ మంచిదే అంది.

డాక్టర్ షాహీన్ కిరీటం వంక ఒకసారి చూసి, తీసి టేబుల్ మీద పెట్టమంది. తీస్తే గంట పోతుందని చెప్పాక వద్దులే ఉంచుకో అని, పాఠం మొదలుపెట్టింది.

“పుట్టుమచ్చ ఉండటం జబ్బు కాదమ్మాయ్. ఊరుకున్న మచ్చ ఊరుకుంటుంది. పెరిగిందా, అంచులు చెదిరాయా, రంగు మారిందా, రక్తం కారిందా, వెంటనే చూపించుకోవాలి. ఇంకోమాట. మన రంగు వాళ్ళకి ఈ పాడు మచ్చ ఎక్కువగా అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద వస్తుంది. అక్కడ దానికి ఎండతో పెద్దగా పన్లేదు. మనవాళ్ళు మొహం చూసుకోవడానికి రోజుకి పదిసార్లు అద్దం ముందుకి పోతారు గానీ, అరికాలు చివరిసారి ఎప్పుడు చూసుకున్నారో అడుగు, ఒక్కడు చెప్పడు.”

సంహిత ఇంటికొచ్చి తలుపేసుకుని తన అరికాళ్ళు చూసుకుంది. నిజమే, ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చూసుకోలేదు.

జిల్లాలో ఈ పని చూడటానికి ఏకంగా ఒక విభాగమే వెలిసింది. కలెక్టరాఫీసులో మేడ మీద, పాత రికార్డు గది పక్కన, ‘జిల్లా చర్మ చైతన్య విభాగం’ అని బోర్డు పెట్టారు. దానికి ప్రత్యేకాధికారి వామనరావు గారు. జిల్లా ఉత్సవాల కమిటీకి కన్వీనరూ ఆయనే. రెండు కుర్చీలూ ఒకరివే కనుక కమిటీ తరఫున విభాగానికి ఆయనే ఉత్తరం రాసేవారు, విభాగం తరఫున కమిటీకి ఆయనే జవాబిచ్చేవారు. జవాబు ఆలస్యమైతే సంజాయిషీ అడిగేవారు. ఒకసారి ఆ సంజాయిషీ తృప్తికరంగా లేదని తిరగ్గొట్టారు కూడా.

ఆయన సంహితను కూర్చోబెట్టి, చైతన్యం అనేది కొలతకు లొంగాలి అన్నారు. ఈ మూడు నెలల్లో జిల్లాలో మూడు లక్షల ఇరవై వేలమంది చైతన్యవంతులు కావాలి. శిబిరానికి వచ్చి పది నిమిషాలు కూర్చుని వేలిముద్రో సంతకమో పెట్టి కార్డు తీసుకున్నవాడు చైతన్యవంతుడు. కార్డు లేనివాడు జబ్బు గురించి ఎంత తెలిసినా కాడు. పోస్టరు అప్పటికే సిద్ధంగా ఉంది. అందులో పెద్ద సూర్యుడు, గొడుగు కింద ఒక కుటుంబం, కుటుంబం కంటే పెద్దగా సంహిత నవ్వు. సంహిత బొమ్మ బాగుందనే చెప్పి, సూర్యుడి బదులు అరికాలు వేస్తే మేలేమో, డాక్టరు గారు అలా చెప్పారు అంది.

“అరికాలా?” అన్నారు వామనరావు గారు. “పోస్టరు మీద పైన గౌరవ మంత్రివర్యుల ఛాయాచిత్రం ఉంటుంది. వారి పక్కన అరికాలు ప్రదర్శించడం సంప్రదాయానికి విరుద్ధం. జబ్బు ఎక్కడ వచ్చినా, అవగాహన మర్యాదైన చోటనే రావాలి.”

సరిగ్గా అప్పుడే సుబ్బరత్తమ్మ టీ తెచ్చింది. సుబ్బరత్తమ్మ ఆ విభాగానికి అటెండరు. భర్త ఈ కలెక్టరాఫీసులోనే అటెండరుగా చేస్తూ చనిపోతే, ఆ ఉద్యోగం ఈమెకిచ్చి ఇరవై రెండేళ్ళయింది. అధికారి గదిలోకి చెప్పులతో రాదు, గుమ్మం దగ్గరే విడిచి వస్తుంది. గ్లాసు పెడుతుండగా రెండు చుక్కలు కింద ఒలికితే మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో తుడిచింది. ఎదురు కుర్చీలో ఉన్న సంహితకు ఆమె అరికాళ్ళు రెండూ కనబడ్డాయి. ఎడమ అరికాల్లో, మడమ దగ్గర చింతగింజంత నల్లమచ్చ ఉంది. అంచులు ఒక తీరున లేవు, కాగితం మీద సిరా ఒలికితే పాకినట్టు పాకి ఉన్నాయి. ఒకపక్క నలుపు, ఒకపక్క ముదురు గోధుమరంగు.

సంహిత టీ వదిలేసి వరండాలోకి వెళ్ళింది. పిన్నీ, ఒక్కసారి ఆ కాలు చూపించవా అని అడిగితే, సుబ్బరత్తమ్మ మొదట సిగ్గుపడి తర్వాత నవ్వింది.

“అదా పాపా. పుట్టినకాణ్ణుంచీ ఉందిలే. మిరియపు గింజంతే ఉండేది. అరికాల్లో మచ్చ ఉంటే దేశాలు తిరుగుతావు అనేవాడు మా నాయన. నేను చూసిన దేశమల్లా ఈ కలెక్టరాఫీసే. పోయిన ఎండాకాలం నుంచి పెరగతా ఉంది. అప్పుడప్పుడు చెమ్మ కారుద్ది. చెప్పు ఒరుసుకుందేమో అనుకున్నా.”

మర్నాడు పొద్దున్నే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టర్ షాహీన్ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చివరికి డాక్టరు, మచ్చను చుట్టూ కాస్త చర్మంతో సహా మొత్తం కోసి తియ్యాలని, ఆ ముక్కను పరీక్షకు పంపాలని, కాలు కింద మోపకుండా మూడు వారాలు ఉండాలని చెప్పింది. ఎప్పుడు అంటే, గురువారం అంది. వచ్చే గురువారం కాదు, ఈ గురువారం అని మళ్ళీ నొక్కి చెప్పింది.

ఆఫీసులో సెలవు చీటీ సూపరింటెండెంటు ఏకాంబరం గారి బల్ల మీదికి వెళ్ళింది. ఏకాంబరం గారు చెడ్డమనిషి కాదు. ఎవరి జోలికీ పోడు, కాగితాల జోలికి మాత్రమే పోతాడు. సెలవుకు కారణం ‘అరికాలి మచ్చ తొలగింపు’ అని చదివి కళ్ళజోడు సర్దుకుని, సుబ్బరత్తమ్మ సర్వీసు రిజిస్టరు తీయించాడు. మొదటి పేజీలో, గుర్తింపు చిహ్నముల గడిలో ఇలా ఉంది. ఒకటి: ఎడమ అరికాలి యందు మిరియపు గింజ ప్రమాణము గల పుట్టుమచ్చ. రెండు: పై మచ్చకు పక్కన మరియొక చిన్న మచ్చ.

ఇరవై రెండేళ్ళ కిందట ఆ పేజీ రాసిన గుమాస్తాకు భోజనవేళ అయింది. సుబ్బరత్తమ్మ మొహం మీదా చేతుల మీదా మచ్చలు కనబడలేదు. ఎక్కడా లేవా అని విసుక్కుంటే పాపం కాలు చూపించింది. రెండోది వెతికే ఓపిక లేక దాని పక్కదే రాసేసి క్యారియరు విప్పుకున్నాడు. ఆ క్యారియరు ఇంత పని చేస్తుందని ఎవరనుకుంటారు?

మీ పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూసుకోండి, మీకూ ఉంటాయి రెండు. మన దగ్గర కాగితం ప్రకారం మనిషంటే రెండు మచ్చలు. మిగతాదంతా వాటిని మోసుకు తిరిగే సామాను.

“ఈ రెండూ కోసేస్తే,” అన్నాడు ఏకాంబరం గారు, “సెలవు అయిపోయాక వచ్చి చేరేది ఎవరు?”

సుబ్బరత్తమ్మే చేరుతుందని సంహిత చెప్పింది.

“ఆవిడే అని ఏమిటి రుజువు?”

“మీరు రోజూ చూస్తున్నారు కదండీ.”

“చూడటం వేరు, సరిపోల్చటం వేరు తల్లీ. చూడటం నా సొంత వ్యవహారం. సరిపోల్చటం ప్రభుత్వ వ్యవహారం.”

చీటీ మీద అభ్యంతరం రాశాడు. గురువారం వెళ్ళిపోయింది. అనుమతి సంగతి తర్వాత చూసుకుందాం, ముందు కోయించుకో పిన్నీ అని సంహిత బతిమాలింది. సుబ్బరత్తమ్మ కదల్లేదు. ఇంకా పదేళ్ళ సర్వీసు ఉంది. వెనకాముందూ ఎవరూ లేరు. ఆమెకున్నది ఆ గుమ్మం, ఆ టీ ఫ్లాస్కు. “ఉజ్జోగం పోయాక కాలుండి ఎవరింటికి నడవను పాపా?” అంది. సంహితకు కోపం వచ్చింది, అదీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

ఫైలు వామనరావు గారి దగ్గరికి చేరింది. ఆయన మూడు విభాగాల వారిని పిలిచి సమావేశం పెట్టారు. న్యాయ సలహా విభాగం వారు, సదరు మచ్చ ప్రభుత్వ రికార్డులో నమోదైనది కనుక దాన్ని తొలగించడం రికార్డు తారుమారు కిందికి వస్తుందన్నారు. ఫోటో తీసి ఉంచుకుందామంటే, ఫోటోలో కాలు కనబడుతుంది గానీ ఆ కాలు ఎవరిదో కనబడదని ఏకాంబరం గారు తేల్చాడు. ఇంతలో ఒకాయనకు మంచి ఆలోచన వచ్చింది. కోసిన మచ్చను సీసాలో వేసి, లక్క ముద్ర కొట్టి, సర్వీసు రిజిస్టరుకు దారంతో కట్టి ఉంచాలి. అందరూ మెచ్చుకున్నారు. వామనరావు గారు ఆ సీసా ఏ సైజులో ఉండాలో చెప్పమని ఆసుపత్రికి రాశారు. డాక్టర్ షాహీన్, పరీక్ష చెయ్యాలంటే ఆ ముక్కను పొరలు పొరలుగా కొయ్యాలి, సీసాలో దాచడానికి అది ఊరగాయ కాదు అని తిరుగు జవాబిచ్చింది. ముక్కలు చేయడమంటే రికార్డును చించడమేనని సీసా ప్రతిపాదన రద్దయింది.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఆ సమావేశంలో వామనరావు గారికి గుండె ఝల్లుమనే అనుమానం ఒకటి పుట్టింది. ఒక్క అటెండరు మచ్చే ఇలా రికార్డుకు విరుద్ధంగా పెరిగితే, మిగతా సిబ్బంది మచ్చలు ఏం చేస్తున్నట్టు? వెంటనే అన్ని కార్యాలయాల్లో మచ్చల తనిఖీకి ఉత్తర్వు వెళ్ళింది. రికార్డులో ఉన్న మచ్చ ఉన్నచోటే, ఉన్న కొలతలోనే, ఉన్న రంగులోనే ఉందని ప్రతి ఉద్యోగీ పదిహేను రోజుల్లో ధ్రువీకరించాలి. ముందస్తు అనుమతి లేకుండా మచ్చ పెరిగినా, తరిగినా, రంగు మారినా సంజాయిషీ ఇవ్వాలి. ఏకాంబరం గారికి కుడిచెంప మీద ఉండాల్సిన మచ్చ ఎప్పుడో కనబడకుండా పోయింది. ఆ పదిహేను రోజులూ ఆయన తన భార్య కాటుకతో మచ్చ దిద్దుకుని ఆఫీసుకొచ్చాడు. ఉక్కకి చెమట పట్టి అది మధ్యాహ్నానికి మెడ దాకా కారేది.

తర్వాత ఉత్తర్వు ప్రజలకు కూడా పాకింది. చైతన్యవంతుల కార్డు మీద కొత్త వాక్యం అచ్చు వేశారు. ‘నా మచ్చలు యథాతథముగా ఉన్నవని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను.’ పోస్టరు కూడా మార్చారు. సూర్యుడూ, గొడుగూ పోయి, సంహిత నవ్వు ఒక్కటే మిగిలింది. దాని కింద ‘మచ్చ మారితే సంజాయిషీ మీదే’ అని ఎర్రక్షరాలు పడ్డాయి.

మే నెలలో శిబిరాలు మొదలయ్యాయి. పన్నెండు గంటల నుంచి మూడు గంటల దాకా హైస్కూలు మైదానాల్లో పెట్టారు. షామియానా అధికారులకు మాత్రమే ఉంది. ఎండలో నిలబడకూడదన్న సంగతి వినడానికి జనం మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డారు. కిరీటం ఎండకు కాగి సంహిత నుదుటి మీద చారలు తేలాయి. అయినా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, కాళ్ళు చూపించండి, ఎక్కడైనా మచ్చ పెరిగిందా అని అడిగింది. జనం ఆమెను చూసి, వెనకాల గోడ మీద ఆమె పోస్టరును చూసి, అబ్బే ఏమీ లేదమ్మా అనేవారు. మిరప కోతల నుంచి వచ్చిన ఒకావిడ కుడిచెయ్యి పిడికిలి బిగించి కొంగులో దాచుకుంది. సంహిత ఎంత అడిగినా విప్పలేదు. ఎడమచేత్తో వేలిముద్ర వేసి, కార్డు తీసుకుని గబగబా వెళ్ళిపోయింది. ఆ పిడికిలిలో ఏముందో సంహితకు ఇవాళ్టికీ తెలియదు. తలుచుకుంటే అన్నం సయించదు.

మూడు లక్షల ఇరవై వేలమంది చైతన్యవంతులయ్యారు. మారిన మచ్చలు సున్నా. వామనరావు గారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అవగాహన అంటే ఇదీ అన్నారు. రోగం మనుషుల్లోకి రాకుండా అడ్డుకోవడం ఎవరైనా చేస్తారు, కాగితాల్లోకి రాకుండా అడ్డుకున్నది మన జిల్లా ఒక్కటే అని పై అధికారులకు నివేదిక పంపారు. రాష్ట్ర పురస్కారానికి ఉడుకూరు పేరు సిఫారసు అయిందని కబురు కూడా వచ్చింది. ఆరోజు సాయంత్రం సంహిత బస్టాండు గోడ మీద తన మొహాన్ని తనే గోళ్ళతో చింపేసింది. ప్రచార సామగ్రికి నష్టం కలిగించినందుకు ఆమె సేవా గంటల్లో ఐదు కోత పెట్టారు.

ఈలోగా సుబ్బరత్తమ్మ కాలికి పాత చీర పేలిక చుట్టుకుని నడుస్తోంది. రక్తం పేలికలోంచి ఊరి వరండా గచ్చు మీద చుక్కలు పడుతున్నాయి. తన రక్తం తనే తుడుచుకుని, టీ ఇస్తోంది. డాక్టర్ షాహీన్ ఫోను చేసింది. “నేను చెప్పిన గురువారం పోయి ఇంకో ఆరు గురువారాలు పోయినై అమ్మాయ్. జబ్బుకి మీ ఫైలు సంగతి తెలీదు,” అని పెట్టేసింది.

సంహిత ఆఫీసుకెళ్ళి, ఏకాంబరం గారి బల్ల ముందు కూర్చుని, సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ మళ్ళీ చదివింది. కిటికీలోంచి బుల్డోజరు చప్పుడు వినిపిస్తోంది. కలెక్టరాఫీసు ఎదుటి రోడ్డు మీదికి ముందుకు జరుపుకున్న కొట్ల రేకులు పీకేస్తున్నారు. ఎవరి అనుమతి తీసుకున్నారండీ అని యథాలాపంగా అడిగింది. ఆక్రమణ తొలగించడానికి అనుమతి ఎందుకు తల్లీ, అతికించిన నోటీసు చాలు, హద్దు దాటినంత మేరకు కొట్టెయ్యడమే అన్నాడు ఏకాంబరం గారు. సంహిత వెంటనే తెల్లకాగితం అడిగింది.

అర్జీ ఆమె రాసిన తీరు చూస్తే ఇన్నాళ్ళు ఆ మేడ మీద ఊరికే కూర్చోలేదని తెలుస్తుంది. సదరు మచ్చకు ప్రభుత్వ రికార్డు ప్రకారం మంజూరైన విస్తీర్ణం మిరియపు గింజ ప్రమాణము. ప్రస్తుత విస్తీర్ణం చింతగింజను మించినది. మిగులు భాగమంతా ఎట్టి అనుమతి లేకుండా, ప్రభుత్వోద్యోగి పాదమును అక్రమంగా ఆక్రమించి యున్నది. కావున తక్షణం తొలగించ ప్రార్థన.

వామనరావు గారు రెండుసార్లు చదివారు. ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్ని వారాలుగా ఆయనను బాధించింది సుబ్బరత్తమ్మ కాలు కాదు, ఏ పద్దు కింద వెయ్యాలో తెలియని ఫైలు. ఇప్పుడు పద్దు దొరికింది. ఆక్రమణల తొలగింపుకు జిల్లాలో ఎన్ని పూర్వోదాహరణలు కావాలంటే అన్ని ఉన్నాయి. అక్కడికక్కడే సెలవు మంజూరు చేసి, తొలగింపు ఉత్తర్వు చెప్పి రాయించారు. నోటీసు ఆక్రమణ స్థలంలోనే అతికించాలని నియమం కనుక, సుబ్బరత్తమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, అరికాలికి జిగురు రాసి నోటీసు అతికించి ఫోటో తీశారు. ఏడు రోజుల గడువివ్వాలి గానీ, ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఇరవై నాలుగు గంటలకు కుదించారు. మచ్చ వైపు నుంచి అభ్యంతరాలేవీ రాలేదు. అయితే ఉత్తర్వు చివర ఒక షరతు ఉంది. ఆక్రమిత భాగమును మాత్రమే తొలగించి, మధ్యన గల అసలు మచ్చను యథాస్థితిలో నిలపవలెను.

డాక్టర్ షాహీన్ ఆ ఉత్తర్వు చదివి, నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న టేబుల్ కాలి కింద దోపింది. తర్వాత చేతులు కడుక్కుంది. మచ్చ మొత్తం, పక్కనున్న చిన్నమచ్చతో సహా, చుట్టూ వేలెడు చర్మంతో తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అతికించింది. కాగితం మీద మాత్రం ‘ఆక్రమణ సంపూర్ణముగా తొలగించబడినది’ అని రాసింది. పది రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. అది క్యాన్సరే. కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదు, స్కానింగులో చూస్తే గజ్జల్లోకీ పాకలేదు. ఇంకో నెల ఆగితే నేను కోసేదాన్ని కాదు, ఓదార్చేదాన్ని అంది డాక్టరు. ఆ మాట విని సంహిత ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, కిరీటం ఒళ్ళో పెట్టుకుని తనివితీరా ఏడ్చింది. ఆ గంట లెక్కలోకి రాలేదు.

సెలవు ముగిసిన రోజున సుబ్బరత్తమ్మ చేతికర్ర పట్టుకుని ఆఫీసుకొచ్చింది. తోడు సంహిత వచ్చింది. వామనరావు గారి గదిలో, ఏకాంబరం గారి సమక్షంలో, కాలు స్టూలు మీద పెట్టించి తనిఖీ చేశారు. చిహ్నం ఒకటి, కనబడలేదు. చిహ్నం రెండు, కనబడలేదు. మచ్చలున్న చోట పల్లంగా ఒక అతుకు, చుట్టూ కుట్ల గీత ఉన్నాయి. వామనరావు గారు చాలా విచారించారు. హాజరైన మహిళ రికార్డులో ఉన్న సుబ్బరత్తమ్మ కాదనీ, అసలు సుబ్బరత్తమ్మ సెలవు ముగిసినా విధుల్లో చేరలేదనీ, అనుమతి లేని గైర్హాజరుకు ఆమెకు మెమో ఇవ్వాలనీ తీర్మానించారు. సుబ్బరత్తమ్మ గోడకు ఆనుకుని, చేతికర్ర రెండు చేతులా పట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆమె భయపడినదే జరిగింది.

మెమో టైపయింది. మెమోను మనిషి చేతికిచ్చి సంతకం తీసుకురావాలి. ఆ పని అటెండరుది. ఆ విభాగంలో అటెండరు ఒక్కరే. ఏకాంబరం గారు కాగితం మీంచి తలెత్తకుండా, ఇరవై రెండేళ్ళ అలవాటున, రత్తమ్మా ఇది సుబ్బరత్తమ్మకిచ్చి సంతకం తీసుకురా అని చెయ్యి చాపాడు.

ఆమె తీసుకుంది. కుంటుకుంటూ వరండాలోకి పోయింది. స్టూలు మీద కూర్చుని మెమో ఒకసారి చదువుకుంది. రెండో ప్రతి మీద, అందినది అన్నచోట వంకర అక్షరాలతో సుబ్బరత్తమ్మ అని సంతకం చేసి, లోపలికి తెచ్చి ఇచ్చింది. ఏకాంబరం గారు ఆ సంతకాన్ని రిజిస్టరులో సంతకంతో సరిపోల్చాడు. సరిపోయింది. ‘స్వయముగా అందజేయడమైనది’ అని ముద్ర కొట్టాడు. వామనరావు గారు దాని కింద పొట్టి సంతకం పెట్టారు. ఏదీ తప్పు కాదు, అంతా పద్ధతి ప్రకారం జరిగింది.

సంహిత లేచి నిలబడింది. సార్, మెమో సుబ్బరత్తమ్మ స్వయంగా తీసుకున్నట్టు మీరిద్దరూ సంతకాలు పెట్టారు కదా, ఎక్కడ తీసుకుందండీ అని అడిగింది. ఈ కార్యాలయంలోనే అన్నారు వామనరావు గారు. ఎప్పుడు అంటే, గడియారం చూసి, పదీ నలభైకి అన్నారు. మరి పదీ నలభైకి ఈ కార్యాలయంలో ఉన్న మనిషి గైర్హాజరు ఎలా అవుతుంది సార్ అంది సంహిత.

ఏకాంబరం గారు ముద్ర వంక చూశాడు. ముద్ర తన వంక చూస్తున్నట్టే అనిపించి పక్కకు తిరిగాడు. వామనరావు గారు కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి చూసి, దించి, మనిషిని శంకించవచ్చు గాని ముద్ర పడిన కాగితాన్ని శంకించడానికి వీల్లేదు అన్నారు. సుబ్బరత్తమ్మ హాజరైనట్టు రాసుకోమన్నారు. సుబ్బరత్తమ్మకు ఏం జరిగిందో వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళు తుడుచుకుంది.

ఇక మిగిలింది ఖాళీ అయిన గడి. గుర్తింపు చిహ్నాలు లేకుండా రిజిస్టరు ఉండకూడదు, కొత్తవి రెండు రాయాలి. ఒకటోదిగా కాలి మీద కోత గుర్తు రాశారు. రెండోది కోసం ఏకాంబరం గారు ఆమె నుదురు, చెంపలు, మెడ, మోచేతులు, వేళ్ళ సందులు అన్నీ చూశాడు. ఎక్కడా చుక్క లేదు. కనీసం కాలిన మచ్చయినా ఉండదా, ఇన్నేళ్ళు టీ కాచావు కదా అని వామనరావు గారు కాస్త చిరాకుపడ్డారు. గుర్తుకు తెచ్చుకో, ఏదో ఒకటి ఉండే ఉంటుంది అన్నారు.

సుబ్బరత్తమ్మ చేతికర్ర గోడకు ఆనించి, నిటారుగా నిలబడింది.

“రెండోది బతికున్నానని రాసుకోండి సార్,” అంది. “అంతకన్నా గుర్తేముంది నాకు?”

ఏకాంబరం గారి కలం గాల్లోనే ఆగిపోయింది. వామనరావు గారు కళ్ళజోడు తీశారు. జేబురుమాలుతో రెండు అద్దాలూ మెల్లగా తుడిచారు. ఆ ఒక్క క్షణం ఆయనకు మనసు కరిగిందేమోనని సంహిత నిజంగానే అనుకుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, రిజిస్టరు తన వైపుకు తిప్పుకుని, ఏకాంబరం గారికి ఒక్కొక్క మాటా విడదీసి చెప్పి రాయించారు.

“బతికి ఉండుట మార్పునకు లోనగు లక్షణము. శాశ్వత గుర్తింపు చిహ్నముగా పరిగణించుటకు వీలుపడదు.”